కణంలో శక్తి ఎక్కడుంది?

(డిగ్రీ మొదటి సంవత్సరం జీవశాస్త్ర విద్యార్థులకు జీవరసాయన శాస్త్రాన్ని పరిచయం చేస్తూ ఇచ్చిన ప్రసంగానికి రాతప్రతి. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లను మాత్రమే తీసేశాం.)

విద్యార్థినీ విద్యార్థులారా, అందరికీ నమస్కారం. ఈ గంటలో నేను కణాన్ని మొత్తంగా వర్ణించబోవడం లేదు. కేంద్రకం, మైటోకాండ్రియా, గాల్జీ సంక్లిష్టం, రైబోజోములు అంటూ బొమ్మ గీసి పేర్లు పెట్టడం మీకు ఇంటర్మీడియట్‌లోనే అయిపోయింది. అదే బొమ్మను మరింత అందంగా గీయడానికి మీరు డిగ్రీకి రాలేదు. ఈ రోజు ఒకే ఒక్క అణువును తీసుకుందాం. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. అందరం వాడే పేరు ఏటీపీ. ఈ ఒక్క అణువు సంగతి సరిగ్గా తెలిస్తే కణానికి త్వచం ఎందుకు కావాలో, మైటోకాండ్రియాలో అన్ని మడతలు ఎందుకున్నాయో, మనం క్షణం తెరిపి లేకుండా ఊపిరి ఎందుకు పీలుస్తామో కూడా చాలావరకు తెలిసిపోతుంది.

మన ప్రశ్న ఒక్కటే: కణంలో శక్తి ఎక్కడుంది? మీరు ఏం చెబుతారో నాకు తెలుసు. ఏటీపీలో చివరి ఫాస్ఫేట్ బంధంలో దాగి ఉంటుంది, ఆ బంధం తెగగానే బయటికి వస్తుంది, అంతేనా? పరీక్షలో రాస్తే ఈ జవాబుకు మార్కులు కూడా పడతాయి. కానీ ఈ జవాబు తప్పు. ఎందుకు తప్పో, సరైన జవాబు ఏమిటో చెప్పడానికే నాకు ఈ గంట పడుతుంది. అంతకన్నా ముందు ఈ అణువు మనుషుల కంట ఎలా పడిందో చెప్పాలి, ఎందుకంటే అది కనబడిన తీరులోనే సగం జీవరసాయన శాస్త్రం ఉంది.

1920ల నాటికి కండరం ఎలా ముడుచుకుంటుందనే విషయంలో శాస్త్రజ్ఞులకు ఒక గట్టి నమ్మకం ఉండేది. కండరం పనిచేసినప్పుడు లాక్టిక్ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లమే కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది అనుకునేవారు. కండరంలో పుట్టే వేడిని కొలిచిన ఆర్చిబాల్డ్ హిల్‌కూ, ఆక్సిజన్ వినియోగానికీ లాక్టిక్ ఆమ్లానికీ ఉన్న లెక్కను తేల్చిన ఆటో మయర్‌హాఫ్‌కూ 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. అంతటి పెద్దలు చెప్పిన మాటను కాదనడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? ధైర్యం సంగతి అటుంచండి, కాదనడానికి చేతిలో ఒక కొలత ఉండాలి కదా.

ఆ కొలత హార్వర్డ్ వైద్య పాఠశాలలో తయారయింది. తయారుచేసినవారు సైరస్ ఫిస్క్, ఆయన దగ్గర పనిచేస్తున్న యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, బోస్టన్ చేరిన మనిషి ఆయన. వీరిద్దరూ 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. మీరు ఈ ఏడాది ప్రయోగశాలలో చేయబోయేది అదే గనుక కాస్త వివరంగా చెబుతాను. వెనక వరుసలో ఉన్నవారికి బోర్డు కనబడుతోందా? సరే.

కణజాలాన్ని నూరి, ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం కలిపితే ప్రొటీన్లన్నీ విరిగి అడుగుకు దిగుతాయి. వడకట్టితే తేట ద్రవం మిగులుతుంది. దానికి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ చేరిస్తే, ద్రవంలో విడిగా ఉన్న ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో జతకూడుతుంది. ఆ పైన అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే క్షయకరణిని కొద్దిగా వేస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఫాస్ఫేట్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం పక్కన పెట్టి కొలరీమీటరులో పోల్చితే లెక్క తేలిపోతుంది. చూడటానికి ఎంత చిన్న పని! అయినా దాదాపు నూరేళ్ళుగా ఆ పద్ధతి వారి పేరుతోనే ప్రయోగశాలల్లో నడుస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు ఫాస్ఫేట్ ద్రావణంలో ఈ నీలం కొద్ది నిమిషాల్లో నిలకడకు వస్తుంది. కండరం నుంచి తీసిన తేట ద్రవంలో మాత్రం మొదట పలచగా కనబడి, ఆ తరువాత చిక్కబడుతూ పోయింది. ఇంకెవరైనా అయితే ఏం చేసేవారు? పరికరం బాగోలేదనో, రసాయనం పాతదనో అనుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు. వీరు అలా వదిలేయలేదు. ఏదో ఒక పదార్థం ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉందనీ, ఆమ్లమూ మాలిబ్డేటూ కలిసి దాన్ని మెల్లమెల్లగా విడగొడుతున్నాయనీ, విడిపోతున్నకొద్దీ నీలం పెరుగుతోందనీ గ్రహించారు. 1927లో ఆ పదార్థం క్రియాటిన్‌తో కలిసిన ఫాస్ఫేట్ అని తేల్చి, ఫాస్ఫోక్రియాటిన్‌గా ప్రకటించారు. కండరాన్ని పనిచేయిస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ పెరుగుతుంది. అదే కాలంలో ఇంగ్లండులో ఫిలిప్ ఎగిల్టన్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ పట్టారు. 1929లో ఫిస్క్, సుబ్బారావులు కండరం నుంచీ కాలేయం నుంచీ మరో ఫాస్ఫేట్ పదార్థాన్ని వేరుచేశారు. అదే మన ఏటీపీ. అదే సంవత్సరం జర్మనీలో మయర్‌హాఫ్ ప్రయోగశాలలోనే పనిచేస్తున్న కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు. ఎవరు ముందు అనే వాదన అప్పట్లో నడిచింది. మనకు దానితో పనిలేదు.

లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం ఏమయింది అంటారా? 1930లో డెన్మార్క్ దేశస్థుడు ఐనార్ లుండ్స్‌గార్డ్ కండరానికి అయొడోఅసిటిక్ ఆమ్లం అనే విషం పెట్టి, లాక్టిక్ ఆమ్లం తయారీని పూర్తిగా ఆపేశాడు. అయినా కండరం కొంతసేపు ముడుచుకుంటూనే ఉంది. ఫాస్ఫోక్రియాటిన్ ఎంతవరకు ఉందో అంతవరకు ముడుచుకుంది, అది అయిపోగానే ఆగిపోయింది. ఆ తరువాత 1934లో లోమన్ మిగిలిన ముడి విప్పాడు. ఫాస్ఫోక్రియాటిన్ నేరుగా కండరాన్ని కదిలించదు. తన ఫాస్ఫేట్‌ను ఏడీపీకి, అంటే ఒక ఫాస్ఫేట్ తగ్గిన ఏటీపీకి, ఇచ్చి దాన్ని మళ్ళీ ఏటీపీగా మారుస్తుంది. అంటే చివరికి కండరానికి అందేది ఏటీపీయే.

ఇక అణువు దగ్గరికి వద్దాం. అడినిన్ అనే క్షారం, రైబోజ్ అనే అయిదు కార్బన్ల చక్కెర, దాని అయిదో కార్బన్‌కు వరుసగా మూడు ఫాస్ఫేట్లు. అడినిన్, రైబోజ్, ఒక ఫాస్ఫేట్ కలిస్తే ఆర్‌ఎన్‌ఏలో ఉండే అక్షరాల్లో ఒకటి అవుతుంది. కణం కొత్త అణువు కోసం దూరం వెళ్ళలేదు, చేతిలో ఉన్నదానికే రెండు ఫాస్ఫేట్లు తగిలించింది. కణంలో సాధారణంగా ఉండే పీహెచ్ దగ్గర ఈ మూడు ఫాస్ఫేట్ల మీద దాదాపు నాలుగు రుణావేశాలు ఉంటాయి. రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కదా, అందుకే కణంలో ఏటీపీ దాదాపు ఎప్పుడూ ఒక మెగ్నీషియం అయానును వెంటపెట్టుకుని తిరుగుతుంది.

ఇప్పుడు బంధం సంగతి. రసాయన శాస్త్రం తరగతిలో మీకు మొదట చెప్పిన సూత్రం ఏమిటి? బంధాన్ని తెంచాలంటే శక్తి పెట్టాలి, బంధం ఏర్పడితే శక్తి వెలువడుతుంది. ఈ సూత్రానికి ఫాస్ఫేట్ బంధం మినహాయింపు కాదు. మరి ఏటీపీ జలవిశ్లేషణలో, అంటే అది నీటితో చర్య జరిపి విడిపోవడంలో, శక్తి ఎలా వస్తోంది? పాత బంధాలు తెగడానికి పట్టిన శక్తికన్నా, ఉత్పన్నాలైన ఏడీపీ, ఫాస్ఫేట్ కుదురుకోవడంలో వెలువడే శక్తి ఎక్కువ. విడిపోయాక రుణావేశాల తోపులాట తగ్గుతుంది, విడి ఫాస్ఫేట్‌లో ఎలక్ట్రాన్లు నాలుగు ఆక్సిజన్ల మీదుగా పరుచుకుంటాయి, నీటి అణువులు రెండింటినీ మరింత బాగా చుట్టుముడతాయి. మొత్తం చర్యకు ముందూ తరువాతా ఉన్న తేడా అది. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మాన్ ఈ బంధాన్ని ప్రత్యేకంగా చూపడానికి వంకర గీత ఒకటి వాడాడు. లెక్కలకు ఆ గీత చాలా ఉపయోగపడింది, కానీ శక్తంతా ఆ గీతలో ముడుచుకుని కూర్చుంది అనే భ్రమ కూడా విద్యార్థులకు దానితోనే అంటుకుంది.

సరే, బంధంలో లేదు. అయితే ఎక్కడుంది? ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, ఇదే ఈ ప్రసంగానికి గుండెకాయ. ప్రామాణిక పరిస్థితుల్లో, అంటే అన్ని పదార్థాలూ ఒక్కొక్క మోలార్ గాఢతలో ఉన్నాయనుకుంటే, ఒక మోల్ ఏటీపీ జలవిశ్లేషణకు స్వేచ్ఛా శక్తి మార్పు, అంటే పనికి అందే శక్తిలో వచ్చే మార్పు, మైనస్ 30.5 కిలోజౌళ్ళు. మైనస్ అంటే అంత శక్తి వెలువడుతుందని. ఈ అంకె మీ పుస్తకంలో ఉంది. కానీ ఏ కణంలోనైనా పదార్థాలు ఒక మోలార్ గాఢతలో ఉంటాయా? ఉండవు. సుమారుగా ఏటీపీ 5 మిల్లీమోలార్, ఏడీపీ అర మిల్లీమోలార్, ఫాస్ఫేట్ 5 మిల్లీమోలార్ అనుకోండి. ప్రామాణిక విలువను అసలు గాఢతలకు తగ్గట్టు సవరించే సూత్రం ఉంది కదా, ఈ అంకెలను అందులో పెట్టి 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర లెక్క కట్టండి. నేను బోర్డు మీద కడుతున్నాను, మీరు నోటు పుస్తకంలో కట్టండి. జవాబు మైనస్ 50 కిలోజౌళ్ళ దాపులో వస్తుంది. చూశారా, అణువు అదే, బంధం అదే, శక్తి మాత్రం 30 నుంచి 50కి పెరిగింది. ఎలా పెరిగింది?

సమతాస్థితికి దూరంగా ఉండటం వల్ల పెరిగింది. ఈ చర్యను దాని మానాన వదిలేస్తే ఏటీపీ దాదాపుగా మిగలదు, అంతా ఏడీపీ, ఫాస్ఫేట్ అయిపోతుంది. మనం ఇప్పుడు తీసుకున్న అంకెల ప్రకారం కణం తన ఏటీపీ, ఏడీపీల నిష్పత్తిని సమతాస్థితి నుంచి పది కోట్ల రెట్లకు పైగా పక్కకు నెట్టి ఉంచుతోంది. శక్తి ఉన్నది ఆ దూరంలో. ధవళేశ్వరం దగ్గర ఆనకట్టకు ఎగువన నీరు ఉన్నంత మాత్రాన కాలువ పారదు; ఎగువ మట్టానికీ కాలువ మట్టానికీ తేడా ఉంటేనే పారుతుంది, రెండూ ఒకే మట్టానికి వస్తే ఎంత నీరున్నా కదలదు. సీసా నిండా ఏటీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్ పోసి వాటిని సమతాస్థితికి రానిచ్చామనుకోండి, అందులో ఇంకా కొద్దో గొప్పో ఏటీపీ ఉంటుంది, కానీ దానితో ఈగ రెక్క కూడా కదలదు.

మరి ఏటీపీకి సమతాస్థితికి పోవాలని అంత ఆరాటం ఉన్నప్పుడు, కణంలోని నీటిలో అది వెంటనే ఎందుకు విచ్ఛిన్నమైపోదు? చాలా మంచి ప్రశ్న ఇది, ఎవరో ఒకరు అడగాలి. శక్తిపరంగా అస్థిరమైనా, వేగంపరంగా ఏటీపీ చాలా నిబ్బరమైన అణువు. ఆ రుణావేశాల గుంపులోకి నీటి అణువు చొరబడి దాడి చేయడం కష్టం. ఎంజైమ్ లేకపోతే ఏటీపీ నీటిలో చాలాసేపు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈ రెండు గుణాలూ ఒక అణువులో కలిసి ఉండటం వల్లే కణం దాన్ని అదుపులో పెట్టుకోగలిగింది: ఎప్పుడు, ఎక్కడ, దేనికోసం ఫాస్ఫేట్ విడిపోవాలో ఎంజైమ్ నిర్ణయిస్తుంది.

ఎంజైమ్ నిర్ణయిస్తుంది అనే మాటను దగ్గరగా చూద్దాం. హెక్సోకైనేజ్‌ను తీసుకోండి. కణంలోకి వచ్చిన గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్ ఇది. గ్లూకోజ్‌కు విడి ఫాస్ఫేట్‌ను నేరుగా కలపాలంటే మోల్‌కు 13.8 కిలోజౌళ్ళు ఎదురు పెట్టాలి, తనంతట తాను జరగదు. ఏటీపీ జలవిశ్లేషణతో కలిపి లెక్క వేస్తే మైనస్ 16.7 వస్తుంది, కాబట్టి జరుగుతుంది. కాగితం మీద ఇది కూడికలా ఉంటుంది గానీ, నిజంగా ఏటీపీ ఒకచోట తెగి, వేడి పుట్టి, ఆ వేడితో మరోచోట గ్లూకోజ్ మారడం జరగదు. అలా జరిగితే ఆ వేడి నీటిలో కలిసిపోతుంది, అంతే. హెక్సోకైనేజ్‌కు రెండు దవడల లాంటి భాగాలుంటాయి. గ్లూకోజ్ మధ్యలోకి రాగానే అవి మూసుకుంటాయి, నీరు బయటికి నెట్టబడుతుంది, ఏటీపీ చివరి ఫాస్ఫేట్ సరిగ్గా గ్లూకోజ్ ఆరో కార్బన్ మీది ఆక్సిజన్ ఎదుట నిలుస్తుంది. నీటి అణువు అడ్డం పడకుండా ఫాస్ఫేట్ నేరుగా చేతులు మారుతుంది. నీరు కూడా లోపల ఉంటే ఫాస్ఫేట్ నీటికే పోయి, ఏటీపీ వృథా అయిపోయేది. ఎంజైములు చర్యలను వేగవంతం చేస్తాయి అని రాసి ఊరుకోకండి. అవసరంలేని చర్యకు దారి మూసేయడం కూడా వాటి పనిలో భాగమే.

రెండో ఉదాహరణ సోడియం పొటాషియం పంపు. 1957లో యెన్స్ స్కౌ పీత కాలి నరాల్లో దీన్ని కనుగొన్నాడు. మన రక్తంలో సోడియం సుమారు 140 మిల్లీమోలార్, పొటాషియం 4. కణం లోపల దాదాపు తలకిందులు. ఒక్కొక్క ఏటీపీకి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది ఈ పంపు. మీరు ఇప్పుడు కదలకుండా కూర్చుని నా మాటలు వింటున్నారు, కొందరు వినకుండా కూడా కూర్చున్నారు. అయినా మీ శరీరం వాడుతున్న ఏటీపీలో దాదాపు అయిదో వంతు ఈ ఒక్క పంపుకే పోతోంది. మెదడులో ఈ వాటా ఇంకా ఎక్కువ.

మూడోది కండరం. మయోసిన్ అనే ప్రొటీన్ తల, యాక్టిన్ అనే తంతువును పట్టుకుని లాగుతుంది. ఏటీపీ దేనికి కావాలి? పట్టుకోవడానికి అనుకుంటారు. కాదు, ముందుగా వదలడానికి కావాలి. ఏటీపీ వచ్చి అతుక్కుంటేనే మయోసిన్ తన పట్టు విడుస్తుంది. మనిషి చనిపోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారిపోవడం మీరు వినే ఉంటారు. ఏటీపీ తయారీ ఆగిపోయి, ఉన్నది అయిపోయాక, మయోసిన్ తలలు యాక్టిన్‌ను పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోతాయి. తరువాత ప్రొటీన్లు శిథిలమైతే గానీ ఆ బిగువు సడలదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక మనిషి రోజుకు 2000 కిలోక్యాలరీల ఆహారం తింటాడనుకోండి. అంటే సుమారు 8400 కిలోజౌళ్ళు. అందులో 40 శాతం ఏటీపీ రూపంలోకి మారుతుందనుకుంటే 3350 కిలోజౌళ్ళు. మోల్‌కు 50 చొప్పున భాగిస్తే 67 మోళ్ళు. ఒక మోల్ ఏటీపీ బరువు 507 గ్రాములు. గుణించండి. ఎంత వచ్చింది? అవును, 34 కిలోలు! ఇంత ఏటీపీ మన ఒంట్లో ఉందా? ఏ క్షణంలోనైనా మన శరీరం మొత్తంలో ఉండే ఏటీపీ అంచనాగా 50 గ్రాములు, లేదా దానికి కాస్త అటూ ఇటూ. అంటే ప్రతి అణువూ రోజుకు సగటున 700 సార్ల వరకు విడిపోయి మళ్ళీ తయారవుతోంది, రెండు నిమిషాలకొకసారి అన్నమాట. పరుగెత్తేటప్పుడు కండరంలో ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకు మించి సరిపోదు. ఆ వెనుక ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటుంది, అదీ పది సెకన్ల మాటే. అందుకని ఏటీపీని నిల్వ పదార్థం అనకండి. నిల్వలు కావాలంటే గ్లైకోజన్ ఉంది, కొవ్వు ఉంది. ఏటీపీని ఎప్పటికప్పుడు తయారుచేస్తూ ఉండవలసిందే.

ఎలా తయారుచేస్తుంది? గ్లూకోజ్‌ను ముక్కలు చేసే గ్లైకాలసిస్ గురించి ఈ రోజు ఎక్కువ చెప్పను, పది మెట్లూ మీరు ఎలాగూ కంఠస్థం చేయాలి. ఒక గ్లూకోజ్ నుంచి నికరంగా రెండు ఏటీపీలు వస్తాయి. మన ఎర్ర రక్తకణానికి మైటోకాండ్రియా లేదు, దాని 120 రోజుల జీవితమంతా ఆ రెండింటి మీదే గడుస్తుంది. మిగతా కణాల్లో పెద్ద వాటా మైటోకాండ్రియా నుంచి వస్తుంది. అది ఎలా వస్తుందన్న ప్రశ్న చాలాకాలం జీవరసాయన శాస్త్రవేత్తలను తిప్పలు పెట్టింది. గ్లైకాలసిస్‌లో లాగే ఇక్కడ కూడా ఫాస్ఫేట్‌ను మోసుకొచ్చే ఒక మధ్యంతర పదార్థం ఉండి తీరాలని వెతికారు. ఎంత వెతికినా దొరకలేదు. 1961లో పీటర్ మిచెల్ అనే ఆంగ్లేయుడు, అలాంటి పదార్థం అసలు లేదు, త్వచానికి అటూ ఇటూ ఉన్న ప్రోటాన్ల, అంటే హైడ్రోజన్ అయాన్ల, తేడాయే ఆ మధ్యంతర దశ అన్నాడు. చాలామంది ఒప్పుకోలేదు. రసాయన చర్య గురించి అడిగితే త్వచం గురించి చెబుతాడేమిటి అని వారి అభ్యంతరం.

ఆండ్రే జాగెండార్ఫ్ 1966లో చేసిన ప్రయోగం వారిలో కొందరిని కదిలించింది. మొక్కల హరితరేణువుల లోపలి పొరలను ఆయన పీహెచ్ 4 ఉన్న ఆమ్లంలో నానబెట్టాడు. లోపలంతా ఆమ్లం నిండాక, చీకట్లో, వాటిని ఒక్కసారిగా పీహెచ్ 8 ఉన్న ద్రావణంలోకి మార్చి, ఏడీపీ, ఫాస్ఫేట్ అందించాడు. ఏటీపీ తయారయింది. ఇది ఎంత గొప్ప సంగతో గమనించండి. కాంతి లేదు, ఎలక్ట్రాన్ల ప్రవాహం లేదు, ఆహారం లేదు. లోపల ప్రోటాన్లు ఎక్కువ, బయట తక్కువ, మధ్యలో చిల్లుపడని పొర. అంతే ఉంది. ఏటీపీ వచ్చేసింది. మిచెల్‌కు 1978లో నోబెల్ ఇచ్చారు.

మైటోకాండ్రియాలో ఈ ప్రోటాన్ల తేడాను సృష్టించేది ఎలక్ట్రాన్ల ప్రయాణం. మనం తిన్న అన్నం నుంచి తీసిన ఎలక్ట్రాన్లు లోపలి త్వచంలోని ప్రొటీన్ల గుండా ఒక్కొక్క మెట్టే దిగుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. దిగేటప్పుడు వెలువడే శక్తితో ఆ ప్రొటీన్లు ప్రోటాన్లను బయటి వైపుకు తోస్తాయి. ఫలితంగా ఆ త్వచానికి అటూ ఇటూ సుమారు 150 మిల్లీవోల్టుల తేడా ఏర్పడుతుంది. ఇదేం పెద్ద వోల్టేజీ అనిపిస్తోందా? త్వచం మందం అయిదు నానోమీటర్లు. భాగించి చూడండి, మీటరుకు మూడు కోట్ల వోల్టులు. పొడి గాలి అయితే మీటరుకు 30 లక్షల దగ్గరే తట్టుకోలేక మెరుపు కొడుతుంది. అంతకు పది రెట్ల విద్యుత్ క్షేత్రాన్ని రెండు వరుసల కొవ్వు అణువులు మైటోకాండ్రియా ఉన్న మన ప్రతి కణంలోనూ మోస్తున్నాయి. ఇక ఆ త్వచానికి మడతలు ఎందుకంటే, ఈ పని జరిగేది త్వచం మీదే గనుక ఎంత విస్తీర్ణం ఉంటే అంత పని.

తోయబడిన ప్రోటాన్లు తిరిగి లోపలికి రావడానికి ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమ్ గుండా దారి ఉంది. ప్రోటాన్లు వస్తుంటే ఆ ఎంజైములో ఒక భాగం గుండ్రంగా తిరుగుతుంది. అలంకారానికి అనడం లేదు, నిజంగానే తిరుగుతుంది. 1997లో జపాన్ శాస్త్రజ్ఞులు హిరోయుకి నోజి, మసాసుకే యోషిదా తదితరులు ఈ ఎంజైమ్ తల భాగాన్ని గాజు పలక మీద అతికించి, మధ్య ఇరుసుకు మెరిసే యాక్టిన్ తంతువు తగిలించి, ఏటీపీ పోసి, సూక్ష్మదర్శినిలో అది తిరగడం కళ్ళారా చూశారు. ఒక చుట్టుకు మూడు ఏటీపీలు. ఆ ముచ్చట కంటే నాకు పాల్ బోయర్ చెప్పిన సంగతి ఎక్కువ ఇష్టం. ఎంజైమ్ గర్భంలో ఏడీపీ, ఫాస్ఫేట్ కలిసి ఏటీపీ కావడానికి దాదాపుగా శక్తి అక్కరలేదట. అక్కడ రెండు వైపులా సమానమే. శక్తి కావలసింది తయారైన ఏటీపీని ఎంజైమ్ పట్టు నుంచి విడిపించడానికి. ఇరుసు తిరిగేది అందుకు. విడిపించి, అప్పటికే ఏటీపీ ఎక్కువగా ఉన్న చోటికి దాన్ని పంపాలి. అంటే ఇందాక చెప్పుకున్న దూరాన్ని ఇంకొంచెం పెంచాలి. బోయర్‌కూ, ఈ ఎంజైమ్ ఆకృతిని చూపిన జాన్ వాకర్‌కూ, పంపు కనుగొన్న స్కౌకూ 1997లో రసాయన శాస్త్ర నోబెల్ కలిపి ఇచ్చారు.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి. ఇంటర్‌లో ఒక గ్లూకోజ్‌కు 38 ఏటీపీలు అని చదివారు, డిగ్రీ పుస్తకంలో 30 లేదా 32 అని ఉంది, ఏది నిజం? ప్రోటాన్లను లెక్కపెట్టండి. ఆహారం నుంచి తీసిన ఎలక్ట్రాన్లను మోసుకొచ్చే ఎన్‌ఏడీహెచ్ అణువు ఒక్కొక్కటీ పది ప్రోటాన్లను తోయిస్తుంది. ఒక ఏటీపీ తయారీకీ, ఏడీపీని, ఫాస్ఫేట్‌ను లోపలికి తెచ్చుకుని ఏటీపీని బయటికి పంపడానికీ కలిపి సుమారు నాలుగు ఖర్చవుతాయి. పదిని నాలుగుతో భాగిస్తే రెండున్నర. పూర్వం దాన్ని మూడుగా గుండుగుత్తగా తీసుకున్నారు, అందుకే 38. చర్య చర్యకూ పూర్ణసంఖ్యలో ఏటీపీ రావాలన్న నియమం ప్రోటాన్ల ప్రవాహానికి లేదు.

ఈ ప్రవాహానికి పక్కదారి పెడితే ఏమవుతుంది? డైనైట్రోఫీనాల్ అనే రసాయనం ప్రోటాన్లను పట్టుకుని త్వచం గుండా నేరుగా లోపలికి దాటించేస్తుంది. ఎలక్ట్రాన్లు పరుగెడుతూనే ఉంటాయి, ఆహారం ఖర్చవుతూనే ఉంటుంది, ఏటీపీ మాత్రం రాదు, అంతా వేడిగా పోతుంది. 1930లలో అమెరికాలో దీన్ని బరువు తగ్గే మందుగా అమ్మారు. బరువు తగ్గారు కూడా. కొందరు ఒంటి వేడి అదుపు తప్పి చనిపోయారు, కొందరికి కంటిలో శుక్లాలు వచ్చాయి, 1938తో ఆ అమ్మకానికి అడ్డుకట్ట పడింది. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఇప్పటికీ దీన్ని అంటగడితే దగ్గరికి రానివ్వకండి. ప్రకృతి ఇదే పనిని జాగ్రత్తగా చేస్తుంది: పసిపిల్లల మెడ, వీపు దగ్గర ఉండే గోధుమరంగు కొవ్వులో ఒక ప్రొటీన్ ప్రోటాన్లను కావాలనే దాటించి బిడ్డను వెచ్చగా ఉంచుతుంది.

చివరిగా ఆక్సిజన్ గురించి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఇళ్ళ నుంచి వచ్చినవారు మీలో ఉన్నారు. ఏరియేటర్లు తెల్లవారుజామున ఎందుకు తప్పనిసరి? రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఉండదు, చెరువులోని ప్రతి ప్రాణీ ఆక్సిజన్ వాడుతూనే ఉంటుంది, తెల్లవారే వేళకు అది కనిష్ఠానికి దిగుతుంది. కరెంటు పోతే రొయ్య ఎందుకు చచ్చిపోతుంది? ఆక్సిజన్ లేకపోతే ఎలక్ట్రాన్లకు దిగే చోటు ఉండదు, మెట్లన్నీ నిండిపోతాయి, ప్రోటాన్లను తోసేవారుండరు. గుండె రక్తనాళం మూసుకుపోయిన మనిషిలోనూ ఇదే వరస. ఏటీపీ తగ్గుతుంది, సోడియం పంపు మందగిస్తుంది, సోడియం లోపలికి చేరి దానితో నీరూ చేరి కణం ఉబ్బుతుంది, కాల్షియం కూడా పోగవుతుంది.

అప్పుడు ఏటీపీ సింథేజ్ ఏం చేస్తుంది? చాలామంది ఆగిపోతుందనుకుంటారు. ఆగదు. ప్రోటాన్ల తేడా తగ్గిపోగానే అది వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. ఏటీపీ తయారుచేయవలసిన ఎంజైమ్, మిగిలి ఉన్న కాస్త ఏటీపీనీ ఖర్చుపెట్టి ప్రోటాన్లను బయటికి తోస్తుంది. ఏ ఎంజైమూ ఒక దిశకు కట్టుబడి ఉండదు, తేడా ఎటు ఉంటే అటే నడుస్తుంది. దీనికి విరుగుడుగా మైటోకాండ్రియాలో ఐఎఫ్1 అనే చిన్న ప్రొటీన్ ఉంది. అది సింథేజ్‌లో ఇరుక్కుని ఆ వెనక తిరుగుడును ఆపుతుంది. పీహెచ్ తగ్గినప్పుడు అది బాగా పనిచేస్తుంది, మామూలు పీహెచ్ దగ్గర అంతగా చేయదు. ఆక్సిజన్ లేని కణంలో పీహెచ్ ఎందుకు తగ్గుతుందో, మామూలు రోజుల్లో ఐఎఫ్1 సింథేజ్ జోలికి పోకపోవడం ఎందుకు అవసరమో రెండు పేజీలకు మించకుండా రాసుకుని రండి. వచ్చే తరగతిని ఆ జవాబులతోనే మొదలుపెడతాను.